కవరత్తిలో కాపురం: ఫొటోల్లో కనపడని సంగతులు

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు: "మా ఆయనకి లక్షద్వీప్‌లోని కవరత్తిలో పోస్టింగ్ వచ్చింది. నాలుగేళ్ల పాపతో నేనూ వెళ్దామనుకుంటున్నాను. ఫొటోల్లో అద్భుతంగా ఉంది. రోజువారీ బతుకు ఎలా ఉంటుంది? మనం ఊహించనివి ఏముంటాయి?"

చెల్లెమ్మా, నిశ్చింతగా వెళ్లండి. నేను మర్రిగూడ మండలంలో పుట్టి పెరిగాను. కవరత్తిలో నీటి ప్లాంటు పంపుల దగ్గర మెకానిక్‌గా కొన్నేళ్లు పనిచేశాను. మా ఇంటావిడ, పిల్లలు కూడా నాతోనే ఉన్నారు. ఇప్పుడు నల్లగొండలో స్థిరపడ్డాం. అక్కడికి వెళ్లే ప్రతి ఒక్కరూ సముద్రం గురించే అడుగుతారు. కానీ అక్కడ రోజు ఎలా గడుస్తుందన్నది రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటుంది. ఒకటి కాళ్ల కింద ఉండే మంచినీళ్లు, రెండోది కొచ్చి నుంచి వచ్చే ఓడ. ఈ రెండింటితో సర్దుకోవడం తెలిస్తే మిగతావన్నీ అవే అలవాటవుతాయి.

ముందు నీళ్ల సంగతి చెబుతాను. మన జిల్లా వాళ్లకి నీళ్ల విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు ఐదారు వందల అడుగులు దింపినా దుమ్మే లేచిన రోజులు చూశాం. పడ్డ నీళ్లలోనేమో ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంకరపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అలాంటి నాకు కవరత్తిలో ఇంటి వెనక బావి చూసి నోట మాట రాలేదు. మనిషి లోతు, మహా అయితే ఇంకొంచెం. వంగి బకెట్ వేస్తే నీళ్లు. నడిచి వెళ్లేంత దూరంలో నాలుగు వైపులా ఉప్పు సముద్రం, బావిలో మాత్రం తియ్యటి నీళ్లు!

అక్కడ నది లేదు, వాగు లేదు, చెరువు లేదు, గుట్ట అన్నదే లేదు. నేలంతా పగడపు ఇసుక, సున్నపురాయి. ఏడాదికి సుమారు 1600 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే మన దగ్గర పడేదానికి రెట్టింపు పైనే. పడ్డ వాన పడ్డట్టే ఇసుకలోకి దిగిపోతుంది. మంచినీళ్లు ఉప్పునీళ్లకంటే తేలిక కాబట్టి, లోపల ఇసుకలోనే పాల మీద మీగడలాగా ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలిచాయంటే కింద నలభై అడుగుల దాకా ఉండాలని లెక్క. కానీ చిన్న దీవుల్లో ఆటుపోట్లకి అడుగున ఉప్పునీళ్లు కలుస్తూ ఉంటాయి కాబట్టి ఆ పొర బాగా పలచబడిపోతుంది. పోటుకి బావిలో మట్టం పైకొస్తుంది, ఆటుకి దిగుతుంది. బావి గోడ మీద తడి గీత చూసి సముద్రం ఏ దశలో ఉందో చెప్పెయ్యొచ్చు.

ఇక్కడే మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. బావిలో నీళ్లు కనపడ్డాయి కదా అని మోటారు పెట్టి గంటల తరబడి లాగకూడదు. పైన మంచినీళ్లు తగ్గగానే కింది ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తాయి. అలా ఒకసారి ఉప్పెక్కిన బావి మంచి వాన పడేదాకా తేరుకోదు. అందుకే అక్కడ ఇంటి పెద్దావిడ బావి దగ్గర ఎవరు ఎన్ని నీళ్లు తోడుతున్నారో ఓ కంట కనిపెడుతూనే ఉంటుంది. కొత్తగా అద్దెకి దిగినవాళ్లు కుళాయి వదిలేసి లోపలికి వెళ్తే ఊరుకోరు. అది పిసినారితనం అనుకోకండి. ఆ బావి ఉప్పైతే పక్కింటి బావికీ ముప్పే.

ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, నేను చెబుతున్నాను. ఇసుక నేల, పైపైనే నీళ్లు. సెప్టిక్ ట్యాంకులో ఊరింది బావిలోకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. బావి నీళ్లు ఎంత తేటగా కనపడినా స్నానానికి, బట్టలకి, గిన్నెలకి వాడండి. పాపకి మాత్రం కాచి చల్లార్చకుండా ఒక్క గుక్క కూడా ఇవ్వకండి. అద్దె ఇల్లు చూసేటప్పుడు బావి ఎక్కడుంది, మరుగుదొడ్డి గుంత ఎక్కడుంది అన్నది మొదట చూడండి. గదులు, గాలి, వెలుతురు ఆ తర్వాత.

తాగడానికి వంటకి ప్లాంటు నీళ్లున్నాయి. కవరత్తిలో 2005లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు పెట్టారు, రోజుకి లక్ష లీటర్లది. తర్వాత మినికాయ్, అగత్తిలోనూ పెట్టారు. అది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటే. బాయిలర్ ఉండదు, ఫిల్టర్ పొర ఉండదు. పెద్ద ట్యాంకులో గాలి లాగేస్తారు. ఒత్తిడి అంత తగ్గినప్పుడు, ఎండకి వెచ్చగా ఉన్న సముద్రపు పైనీళ్లు ఆ వెచ్చదనానికే ఆవిరైపోతాయి. ఆ ఆవిరిని చల్లబరచడానికి సముద్రంలో దాదాపు 350 మీటర్ల లోతు నుంచి 12, 13 డిగ్రీల చల్లటి నీళ్లు పైపులో తెస్తారు. ఆవిరి చల్లబడి మంచినీళ్లవుతుంది. దీవి అంచు దాటగానే సముద్రం నిలువునా లోతైపోతుంది కాబట్టే అంత దగ్గరలో అంత చల్లటి నీళ్లు దొరుకుతాయి. మే నెలలో చొక్కా వంటికి అతుక్కుపోయేంత ఉక్కలో ఆ పైపు మీద మాత్రం నీటి బొట్లు కారుతూ ఉండేవి. చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమనేవి. డ్యూటీలో ఉన్నవాళ్లమంతా ఏదో ఒక సాకుతో ఆ పైపు దగ్గరే తిరిగేవాళ్లం.

ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదు, ఉప్పుండదు, రుచి కూడా ఉండదు. మొదట్లో చప్పగా అనిపిస్తాయి. 2011 లెక్కల ప్రకారమే కవరత్తి జనాభా 11 వేల పైచిలుకు. లక్ష లీటర్లు పంచుకుంటే మనిషికి తొమ్మిది లీటర్లు. తాగడానికి, వండుకోవడానికి సరిపోతాయి, అంతకు మించి వాడుకోవడానికి లేదు. కుళాయి వదిలే వేళ కనుక్కుని మూతలున్న డబ్బాల్లో పట్టిపెట్టుకోండి. వానాకాలంలో పైకప్పు నీళ్లు ట్యాంకులోకి పట్టే ఏర్పాటున్న ఇల్లు దొరికితే ఇంకేం, పాతిక శాతం దిగులు పోయినట్టే.

ఇక ఓడ. కొచ్చి నుంచి కవరత్తి సుమారు 400 కిలోమీటర్లు. ఓడను బట్టి పద్నాలుగు గంటల నుంచి ఇరవై గంటల దాకా పడుతుంది. మీకు మిర్యాలగూడలోనే శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఎర్నాకుళంలో దిగితే చాలు. విమానమైతే కొచ్చి నుంచి అగత్తి దాకానే. అక్కడి నుంచి మళ్లీ పడవో, హెలికాప్టరో. ఏ దారిలో వెళ్లినా మామూలుగా బయటివాళ్లకి ప్రవేశ అనుమతి ఉండాలి. మీ ఇద్దరికీ అది కావాలో లేదో మీ ఆయన ఆఫీసులో ముందే కనుక్కోండి.

ఓడ ఒక్కోసారి ఒడ్డుకి రాకుండా లోతు నీళ్లలోనే ఆగుతుంది. చిన్న పడవలు వచ్చి మనుషుల్ని దింపుకుంటాయి. ఓడ పక్క తలుపు దగ్గర నిలబడితే కింద పడవ అలకి లేస్తూ పడుతూ ఉంటుంది. పడవ పైకి లేచినప్పుడే అడుగు వెయ్యాలి, దిగుతున్నప్పుడు వెయ్యకూడదు. రెండు వైపులా మనుషులు నిలబడి చేతులందిస్తారు. పిల్లల్ని చేతుల మీదుగా దాటిస్తారు. మీరు పాపని ఎత్తుకుని దిగాలని చూడకండి, వాళ్ల చేతికి ఇచ్చెయ్యండి. వాళ్లకి అది పుట్టుకతో వచ్చిన పని. చేతులు ఖాళీగా ఉంచుకోండి, చీరకంటే చుడీదార్ నయం.

ఆ దీవిలో ఒక్క గింజ వరి పండదు. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ సిలిండర్, సిమెంటు, పిల్లల నోటు పుస్తకాలు, అన్నీ ఓడల మీదే రావాలి. ఓడలో కూరగాయలు వచ్చాయంటే ఆ కబురు ఊరంతా పాకిపోతుంది. సాయంత్రానికి టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర మాయం. ఓడ ఆలస్యమైతే గుమ్మడికాయ, ఉల్లిగడ్డ, ఆలుగడ్డలతోనే వారం నడుస్తుంది. మన దగ్గర ధర లేక టమాటా రోడ్డు మీద పారబోసిన రోజులుంటాయి కదా, అక్కడ అదే టమాటాని లెక్కపెట్టి వాడాలి. మే మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా సముద్రం కల్లోలంగా ఉంటుంది. చిన్న నౌకలు తిరగవు, పెద్ద ఓడలు కూడా తగ్గిపోతాయి. ప్రతి ఇంట్లో ఏప్రిల్ నుంచే బియ్యం, పప్పులు నిల్వ మొదలవుతుంది. మనం మృగశిరకి విత్తనాలు సిద్ధం చేసుకున్నట్టు వాళ్లు ఆ నాలుగు నెలల తిండి సిద్ధం చేసుకుంటారు.

చింతపండు, మన కారం, కందిపప్పు, ఆవకాయ సరిపడా పట్టుకెళ్లండి. జొన్నపిండి కూడా తీసుకెళ్లండి కానీ ఒక్కసారే ఎక్కువ వద్దు, ఆ తేమకి పురుగు పడుతుంది. అక్కడ ప్రతి కూరలో కొబ్బరి, కొబ్బరినూనె. మొదట మా పిల్లలు ముద్ద మింగలేదు. తర్వాత అదే కావాలని ఇక్కడ కూడా వాళ్లమ్మని సతాయించారు.

చేప మాత్రం మీరు ఎన్నడూ తిననంత తాజాగా దొరుకుతుంది. ట్యూనాని అక్కడ చూర అంటారు. వల వెయ్యరు. ముందు లగూన్‌లో, అంటే దీవికీ పగడపు దిబ్బలకీ మధ్య ఉండే లోతు తక్కువ నీళ్లలో, చిన్న చేపల్ని బతికుండగానే పట్టి పడవలో పెట్టుకుంటారు. ట్యూనా గుంపు కనపడగానే వాటిని ఎర చల్లి, నీళ్లు చిమ్ముతారు. గుంపు పైకి ఎగబడ్డప్పుడు పొడవాటి కర్రకి కట్టిన గాలంతో ఒక్కో చేపని ఎత్తి వెనక్కి విసురుతారు. గాలం కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు, చేప పడవలో పడగానే అదే ఊడిపోతుంది. మిగిలిన చేపని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్ చేస్తారు. అది కట్టెలా గట్టిగా అవుతుంది, నెలల తరబడి పాడవదు. ఓడలు రాని వానాకాలంలో అదే కూర, అదే పచ్చడి.

మన గౌడన్నలు తాళ్లెక్కినట్టే అక్కడ కొబ్బరిచెట్టు గీసేవాళ్లున్నారు. కానీ కల్లు ఉండదు. మనుషులుండే దీవుల్లో మద్యనిషేధం. తీపి నీరా దించి, కాచి పాకం చేస్తారు, కొంత పులియబెట్టి వినిగర్ చేస్తారు. ఆ పాకం దోశలో వేసుకుంటే పాప వదలదు.

ఇప్పుడు ఇసుక సంగతి. చుట్టూ తెల్లటి ఇసుకే కదా, ఇల్లు కట్టడానికి మాత్రం ఇసుక, కంకర బస్తాల్లో కేరళ నుంచి రావాలి. తీరం ఇసుక తీస్తే దీవే కోసుకుపోతుంది కాబట్టి తియ్యనివ్వరు. వాగుల్లో ట్రాక్టర్లు దిగడం చూసి పెరిగినవాడిని కనుక ఇది నన్ను గట్టిగా ఆలోచింపజేసింది. నాలుగు దిక్కులా ఇసుక ఉన్న ఊరు తన ఇసుకని ముట్టుకోకుండా ఉండగలిగినప్పుడు, మన మూసీని, డిండిని మనమెందుకు అలా తోడేస్తున్నామా అని ఇప్పటికీ అనిపిస్తుంది. మనలాంటి బయటివాళ్లు అక్కడ భూమి కొనడానికి కూడా లేదు. దీవివాసుల్లో దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగలవాళ్లే. నేల వాళ్ల చేతిలోనే ఉండాలన్నది చట్టం. అది న్యాయమైన చట్టమని నా అభిప్రాయం.

ఒంటరి దీవి అంటే జనం లేని చోటు అనుకుంటాం. లక్షద్వీప్ మొత్తం విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకి 2 వేల మంది పైనే. కవరత్తి పొడవు ఆరు కిలోమీటర్ల లోపు, అడ్డంగా ఎక్కడ చూసినా రెండు కిలోమీటర్లు దాటదు. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. మీరు పొద్దున కొట్లో పాప దగ్గు మందు అడిగితే, సాయంత్రానికి దారిలో ముగ్గురు పాపకి ఎలా ఉందని పలకరిస్తారు. మొదట ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అదే ధైర్యం. మా ఇంటి తలుపుకి పగటిపూట గొళ్లెం పెట్టిన గుర్తు లేదు.

ఆడవాళ్ల విషయం మీకు ప్రత్యేకంగా నచ్చుతుంది. వాళ్లు ముస్లింలు, కానీ ఇల్లు, ఉమ్మడి ఆస్తి తల్లి వైపు నుంచి నడుస్తాయి. ఉమ్మడి ఆస్తిని శుక్రవారం ఆస్తి అని, సొంతంగా సంపాదించుకున్నదాన్ని సోమవారం ఆస్తి అని అంటారు. పెళ్లయినా ఆడపిల్ల పుట్టింట్లోనే ఉంటుంది. పాత పద్ధతిలో అయితే భర్త రాత్రికి భార్య ఇంటికి వచ్చి, పొద్దున్నే తన తల్లి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు చాలామంది వేరు కాపురాలు పెడుతున్నారు. అయినా కూతుర్ని అప్పగింతలు పెట్టి ఏడ్చే తంతు అక్కడ లేదు. మా ఇంటి ఓనరమ్మకి నలుగురు కూతుళ్లు. వాళ్లందరి పెళ్లిళ్లూ అయ్యాక కూడా ఇల్లు నిండుగా ఉండేది. మన కట్నాల సంగతి చెబితే ఆవిడ నమ్మలేకపోయింది.

రాత్రుళ్లు మీకు కొత్తగా అనిపిస్తుంది. కుక్కలుండవు, పెంచనివ్వరు. పాములు కూడా లేవు. చీకట్లో టార్చ్ లేకుండా పాప వెనక నడవచ్చంటే మన పల్లెల్లో పెరిగినవాళ్లకి అదెంత నెమ్మదో చూడండి. ఎలుకలు మాత్రం విపరీతం. చెట్టెక్కి లేత కొబ్బరికాయలు కొరికి పడేస్తాయి. బియ్యం డబ్బాలకి గట్టి మూతలుండాలి. దోమతెర తప్పనిసరి.

ఎండలు నల్లగొండంత ఉండవు. 35 దాటడం అరుదు, 44 అన్నది వినపడదు. కానీ ఉక్క విడవదు. చలికాలమంటూ లేదు, దుప్పటి బరువు మోసుకెళ్లకండి. ఉప్పుగాలికి ఇనుము ఏదీ నిలవదు. తాళం కప్పకి వారానికోసారి కొబ్బరినూనె వెయ్యకపోతే తాళంచెవి తిరగదు. సైకిల్ చైను, గ్యాస్ పొయ్యి బర్నర్, కుట్టుమిషన్ సూది, అన్నీ తుప్పే. బీరువా తీసుకెళ్లకండి, ప్లాస్టిక్ పెట్టెలు మేలు. పాప సర్టిఫికెట్లు, మీ కాగితాలు గాలి చొరని కవర్లో పెట్టండి.

ఫోన్ సంగతి మా రోజుల్లో టెన్షన్‌గా ఉండేది. అంతా ఉపగ్రహం మీదే, వీడియో కాల్ అన్నది కుదిరేది కాదు. 2024 జనవరిలో కొచ్చి నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. మీ అమ్మావాళ్లు ఇక పాపని చూడలేమని బెంగపెట్టుకోనక్కర్లేదు.

పండగలకి మనవాళ్లు తక్కువే. బతుకమ్మకి తంగేడు, గునుగు దొరకవు. మా ఇంటావిడ కొబ్బరాకుతో పళ్లెం అల్లి, మందారాలు పేర్చి లగూన్‌లో వదిలింది. పక్కింటి ఆడవాళ్లంతా ఒడ్డున చేరి, చప్పట్లు ఎలా కొట్టాలో నేర్చుకుని, మర్నాడు మమ్మల్నే వాళ్లింటికి పిలిచారు. రంజాన్ నెలలో పగలు హోటళ్లు మూసి ఉంటాయి, సాయంత్రం ఇళ్ల నుంచి గిన్నెలు గిన్నెలుగా మీ ఇంటికి వస్తాయి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి, మన సకినాలో, పులిహోరో పెట్టి పంపండి.

లగూన్ పడమటి వైపు ఉంటుంది. నీళ్లు నెమ్మదిగా, పిల్లలకి నడుము లోతులోనే ఉంటాయి. అక్కడి పిల్లలు నడక రాగానే ఈత నేర్చేసుకుంటారు, మీ పాపకీ వాళ్లే నేర్పిస్తారు. అయినా పగడపు దిబ్బల మీద ఒట్టికాళ్లతో నడవనివ్వకండి. పగడం గీసుకుంటే పుండు తొందరగా మానదు, ముళ్లున్న జీవులూ ఉంటాయి. రబ్బరు చెప్పులు వేసి దింపండి. తూర్పు వైపు మాత్రం దింపొద్దు. అటు తెరచిన సముద్రం, లోతు వెంటనే మొదలవుతుంది.

చివరగా వైద్యం, దీని గురించి నేను గట్టిగానే చెబుతాను. కవరత్తిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మామూలు జ్వరాలకి, టీకాలకి ఇబ్బంది లేదు. పెద్ద జబ్బయితే హెలికాప్టర్‌లో కొచ్చికి పంపాలి, వాతావరణం బాగుంటేనే అది ఎగురుతుంది. పాపకి ఆయాసం, ఫిట్స్ లాంటివి ఏమైనా ఉంటే నల్లగొండలో పిల్లల డాక్టర్‌కి చూపించి, వానాకాలానికి సరిపడా మందులు రాయించుకోకుండా బయల్దేరకండి. పళ్లు కూడా ఇక్కడే చూపించుకోండి. గర్భం వస్తే నెలలు నిండేదాకా ఆగకుండా ముందుగానే ఇంటికి రండి.

మీ ఆయన జూన్‌లోనే చేరాల్సి వస్తే ఆయన్ని ముందు పంపి, మీరూ పాపా అక్టోబర్‌లో వెళ్లండి. అప్పటికి సముద్రం నెమ్మదిస్తుంది, బావులు వాననీళ్లతో నిండుగా ఉంటాయి, ఆయన కూడా ఇల్లు చూసి పెడతారు. తిరుగు ప్రయాణానికి ఓడ తేదీకీ రైలు తేదీకీ మధ్య కనీసం రెండు రోజులు వదలండి. ఇంకేమైనా అడగాలనుకుంటే అడగండి, ముఖ్యంగా ఇల్లు చూసేటప్పుడు బావి గురించి. తెలిసినంత చెబుతాను.